కొసమెరుపు జబ్బు

నాయనా,

అమెరికా రెజ్లర్ మిక్ ఫోలీ మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న రాత్రి చదివాను. నిన్ననే జవాబు రాద్దామనుకున్నాను గానీ కోపం తగ్గలేదు. ఎనిమిది పేజీలు ‘ఆ లావుపాటి కుర్రాడు’, ‘ఆ అనామకుడు’ అంటూ తిప్పి తిప్పి, ఆఖరి వాక్యంలో ‘అతనే... మిక్ ఫోలీ!’ అని పేల్చావు. ఎవరి కోసమయ్యా ఆ పేలుడు? రెజ్లింగ్ చూసేవాడు మ్యూనిక్‌లో చెవి తెగిన సంగతి రాగానే కనిపెట్టేస్తాడు. చూడనివాడికి ఆ పేరు చివర్లో చెప్పినా ఒకటే, మానేసినా ఒకటే.

ఈ కొసమెరుపు జబ్బు నీకు ఎక్కడ అంటిందో నాకు తెలుసు, ఎందుకంటే అది మా తరం వాళ్లం మీకు అంటించి పోయిందే. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక వారపత్రిక ఉండేది, పేరెందుకులే. తిరుగు కవరుకి స్టాంపులంటించి మరీ కథ పంపితే, ‘చివర మెరుపు లేదు’ అని ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి వెనక్కి కొట్టారు. చెరువు గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోయే పోస్ట్‌మన్ కథ అది, అందులో మెరవడానికేముంది? అయినా ఆశ కదా, చివర్లో ఆ పోస్ట్‌మన్ పదేళ్ల కిందటే చచ్చిపోయాడని రాసి పంపాను. వేసుకున్నారు, నూటపదహార్లు పంపారు. మా అమ్మ చదివించుకుని విని, “బాగుందిరా, ఆ చివర ఎవరు రాశారు?” అంది. ఆ కథను ఇప్పటిదాకా ఏ సంపుటిలోనూ వేయలేదు.

సరే, నీ ఫోలీ దగ్గరికే వద్దాం. 1999 జనవరి 4 రాత్రి సంగతి నువ్వు రెండు లైన్లలో దాటేశావు, నాకు ఒళ్లు మండింది అక్కడే. అతను మొదటిసారి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే రెజ్లింగ్ కంపెనీకి చాంపియన్ అయిన ఆట ముందే టేపు చేసి ఉంచింది. అదే సమయానికి పోటీ ఛానెల్లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే ఇంకో కంపెనీ కార్యక్రమం లైవ్‌గా నడుస్తోంది, ఫోలీ ఒకప్పుడు పనిచేసిన కంపెనీయే. వాళ్ల వ్యాఖ్యాత, అక్కడ ఇవాళ ఫోలీ గెలవబోతున్నాడు, ఇంక హాలు నిండిపోతుందిలే అని వెటకారంగా ముగింపు బయటపెట్టేశాడు. జనం ఏం చేశారు? లక్షల మంది ఆ ఛానెల్ మార్చి ఫోలీని చూడ్డానికి వెళ్లారు. ఏం జరుగుతుందో చెప్పేశాక వెళ్లారు, అర్థమైందా? ఆ బానపొట్ట, దువ్వని జుట్టు మనిషి ఎలా గెలుస్తాడో చూడాలనిపించి వెళ్లారు. మన ఊళ్లల్లో హరికథకు పోయేవాళ్లకు రాముడు గెలుస్తాడని తెలియదా ఏం?

ఇంకో దాపరికం కూడా చేశావు. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆట ఇదని ఎక్కడా రాయలేదు, పరువు పోతుందనుకున్నావేమో. రెండో వాక్యంలోనే చెప్పెయ్. గెలుపు రాసిపెట్టిందే గానీ 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్ అనే రెజ్లర్ రింగు చుట్టూ కట్టిన పదహారడుగుల ఇనప పంజరం మీద నుంచి ఫోలీని తోసినప్పుడు కింద ఉన్నది నిజం బల్లే. మళ్లీ ఎక్కాడు, ఈసారి పైకప్పు ఊడి రింగులో పడ్డాడు, ఆ వెనకే ఇనప కుర్చీ వచ్చి మొహం మీద పడింది, పన్ను ఊడింది. నువ్వేమో దీన్ని ‘అగ్నిపర్వత విస్ఫోటనం’ అన్నావు. అగ్నిపర్వతం ఎప్పుడైనా చూశావా నువ్వు? నేనైతే చూడలేదు. పైగా తోసినవాడు ఆ రాత్రి కాలి గాయంతోనే పైకెక్కాడు, అతని గురించి ఒక్క ముక్క లేదు. 1994లో మ్యూనిక్‌లో వేడర్ అనే రెజ్లర్‌తో ఆడుతున్నప్పుడు ఫోలీ మెడ రింగు తాళ్ల మధ్య ఇరుక్కుని చెవి తెగితే ‘దారుణ ప్రమాదం’ అని వదిలేశావు. రిఫరీ వంగి కింద పడ్డ చెవి ముక్క తీశాడయ్యా! ఆ వంగడం రాయి, దారుణం అనే మాట అక్కర్లేదు.

మల్లయోధుడంటే మనకు కోడి రామ్మూర్తి నాయుడి ఛాతీయే గుర్తొస్తుంది. ఇతన్ని చూస్తే కిరాణా కొట్లో బస్తా దించేవాడిలా ఉంటాడు. మా అబ్బాయి చిన్నప్పుడు రెజ్లింగ్ కార్డులు ఆడుతూ తోలు ముసుగు వేసుకున్న ఫోలీ కార్డు వస్తే మూతి ముడుచుకునేవాడు. అలాంటివాడు ఆత్మకథకు కంపెనీవాళ్లు పెట్టిన కిరాయి రచయితను వద్దని, వందల పేజీలు తనే చేత్తో రాశాడు. 1999లో వస్తే న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానం. నువ్వు కూడా చేత్తో రాసి చూడు, చెయ్యి నొప్పెడితే ‘విస్ఫోటనం’ రాయడానికి బద్ధకం వస్తుంది. అతను అంత లావు పుస్తకం ఎలా రాశాడని మాత్రం అడక్కు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవచ్చా, ఏ ప్రచురణకర్త మంచివాడు, ముందుమాట నేను రాస్తానా అని అడిగావు. రాయను. మిగతావి ఇంకోసారి.

అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే ఐదో పేజీలో ఒక వాక్యం ఉంది. ఫోలీ కాలేజీ కుర్రాడుగా ఉండగా, స్నూకా అనే రెజ్లర్ పంజరం మీద నుంచి దూకే ఆట కోసం దారిన పోయే కార్లు ఆపి ఎక్కుతూ న్యూయార్క్ దాకా పోయిన సంగతి కాదు, అది అందరూ రాసిందే. తర్వాత డొమినిక్ డెనూచీ దగ్గర కుస్తీ నేర్చుకోవడానికి కాలేజీ ఉన్న కోర్ట్‌లండ్ నుంచి పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాకు గంటల తరబడి డ్రైవ్ చేసుకుంటూ పోయి, కార్లోనే పడుకునేవాడని రాసి, బ్రాకెట్లో ‘అంత మనిషికి మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదేమో’ అన్నావు. ఆ బ్రాకెట్లు తీసెయ్. వ్యాసం అక్కణ్ణించే మొదలుపెట్టు, పేరుతో సహా. ఆ కారు ఏదో కనుక్కో. వెనక సీట్లో పడుకున్నాడో, ముందు సీటు వాల్చుకున్నాడో అది కూడా కనుక్కుని రాసి పంపు.