స్కాలర్‌షిప్ వస్తుందని 529 ఖాతా ఖాళీ చేయొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబు పబ్లిక్ హైస్కూల్లో పదో గ్రేడ్ పూర్తి చేస్తున్నాడు. స్కూలు ఫుట్‌బాల్ టీమ్‌లో రిసీవర్, అంటే విసిరిన బంతిని అందుకుని పరిగెత్తేవాడు. మన సాకర్ కాదండీ, అమెరికన్ ఫుట్‌బాల్. చదువులోనూ ముందే ఉంటాడు. కాలేజీలో ఆడాలని వాడి పట్టుదల. ప్రైవేట్ ట్రైనర్, సెవెన్-ఆన్-సెవెన్ (జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే) క్లబ్, వేరే రాష్ట్రాల్లో కోచ్‌ల ముందు ఆట చూపించే షోకేస్ క్యాంపులు, కాలేజీ కోచ్‌లకు పరిచయం చేస్తామనే రిక్రూటింగ్ సర్వీసు, అన్నీ కలిపి ఏడాదికి 14 వేల డాలర్లు అవుతుందట. వాడి చదువు కోసం పన్ను రాయితీతో దాచే 529 ఖాతాలో 62 వేలు ఉన్నాయి, నెలకు 600 వేస్తున్నాం. స్కాలర్‌షిప్ వస్తే ఆ డబ్బు ఎలాగూ మిగిలిపోతుంది కాబట్టి, అందులోంచి తీసి ఈ రెండేళ్లూ ఆటకు పెడదామని, నెలనెలా వేసేదీ ఆపుదామని మావారంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. పాపకు తొమ్మిదేళ్లు.

జవాబు: ముందు 529 సంగతి తేల్చేద్దామమ్మా. ఆట కోసం అందులోంచి ఒక్క డాలర్ కూడా తీయకండి. ట్రైనర్ ఫీజు, క్యాంపులు, ప్రయాణాలు చదువు ఖర్చుల కిందకు రావు. ఖాతాలో 40 శాతం లాభమే అనుకుందాం. మీరు తీసే 14 వేలల్లో 5,600 ఆదాయంగా లెక్కకొస్తుంది. మీరు 24 శాతం శ్లాబులో ఉంటే పన్ను 1,344, పైన 10 శాతం పెనాల్టీ 560. ఏడాదికి 1,900 డాలర్లకు పైగా ఊరికే పోతాయి.

పన్ను కన్నా నన్ను భయపెట్టేది ‘స్కాలర్‌షిప్ వస్తే’ అన్న ఆ మాట. దేశంలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు సుమారు 10 లక్షలు. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం వాళ్లలో కాలేజీ జట్టులోకి వెళ్లేవాళ్లు నూటికి 7 మంది. కాలేజీలు మూడు డివిజన్లుగా ఉంటాయి; అన్నిటికన్నా పైదైన డివిజన్ 1కు చేరేవాళ్లు ముగ్గురు కూడా ఉండరు. చేరినవాళ్లందరికీ పూర్తి ఫీజు మాఫీ అనుకోకండి. డివిజన్ 2లో ఒక కాలేజీ ఫుట్‌బాల్‌కు ఇవ్వగలిగేది 36 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ. దాన్ని వంద మంది దాకా ఉండే జట్టుకు పంచుతారు. చాలామందికి ఫీజులో ఒక ముక్కే తగ్గుతుంది. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు.

పై స్థాయిలో దారి ఇంకా ఇరుకైంది. 2021 నుంచి ఆటగాళ్లు కాలేజీ మారడం తేలికైంది. ఖాళీ రాగానే, వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి ఒళ్లు గట్టిపడ్డ ఇరవై ఏళ్ల కుర్రాడి వైపు కోచ్ చూస్తాడు. ఎన్‌సీఏఏకు, ఆటగాళ్లకు మధ్య కుదిరి 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకు ఫుట్‌బాల్ జట్టు 105 మందికి మించకూడదు. స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో ఉండనిస్తే చాలు అనుకునే పిల్లల చోట్లు అలా చాలా తగ్గాయి.

ఇవన్నీ చెబుతున్నది బాబును ఆపమని కాదు. శుక్రవారం రాత్రి స్టేడియం దీపాల కింద ఆడే పిల్లల ముఖాలు నేనూ స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. ఆ కోరిక విలువైనది. అయితే ఆ ఖర్చును వాడి బాల్యానికి పెట్టే ఖర్చుగా చూడండి. కాలేజీ ఫీజుకు పెట్టుబడిగా లెక్క వేయకండి. లెక్క అలా మారితే ఏడాదికి 14 వేలు ఎందుకన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

నిజానికి మీ ఊళ్లో ఆ డబ్బులో చాలా భాగం అక్కర్లేదు. టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే మాటలా? పక్కనే ఉన్న ఆలెన్‌లో 2012లో 18 వేల మంది కూర్చునే స్కూలు స్టేడియం కట్టారు, 6 కోట్ల డాలర్లతో. స్కూల్లోనే జీతం తీసుకునే కోచ్‌లు, వెయిట్ రూమ్, ట్రైనర్ ఉంటారు. కాలేజీ కోచ్‌లు ఆటగాళ్లను వెతుక్కుంటూ ఆ స్కూళ్లకే వస్తారు. ఒక కుర్రాడి గురించి వాళ్లు మొదట అడిగేది హెడ్ కోచ్‌ని. ఆయన చెప్పే మాటకున్న బరువు డబ్బు తీసుకుని ఈమెయిళ్లు పంపే సర్వీసుకు ఉండదు. మ్యాచ్ వీడియోలు హడిల్ అనే వెబ్‌సైట్‌లో ఎలాగూ ఉంటాయి. అందులోంచి మూడు నాలుగు నిమిషాల హైలైట్స్ బాబే కత్తిరించుకుని, తనే కోచ్‌లకు రాయాలి. పిల్లవాడు సొంతంగా రాసిన మెయిల్‌కు జవాబులు రావడం నేను చూశాను.

కాబట్టి రిక్రూటింగ్ సర్వీసు తీసేయండి. వేరే రాష్ట్రాల షోకేసులు తీసేయండి. జూన్‌లో కాలేజీలు తమ క్యాంపస్‌లోనే పెట్టే ఒక్కరోజు క్యాంపులకు మూడు నాలుగింటికి వెళ్లండి, అదీ వాడి స్థాయి కాలేజీలు చూసుకుని. ట్రైనర్ వేసవి వరకు చాలు. మొత్తం ఏడాదికి 4 వేలు దాటకూడదని గీత గీయండి. అదీ నెల జీతంలోంచే.

వాడి స్థాయి ఏమిటన్నది ఇంట్లో తేలేది కాదు. వచ్చే వారమే మీరిద్దరూ హెడ్ కోచ్ దగ్గర టైమ్ తీసుకోండి. ‘మా వాడు ఏ డివిజన్‌లో ఆడగలడు, నిజం చెప్పండి’ అని బాబు ఎదుటే అడగండి. జవాబు డివిజన్ 3 అయితే నేనైతే సంతోషిస్తాను. ఎందుకంటే ఎంఐటీ, కార్నెగీ మెలన్, జాన్స్ హాప్కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ చికాగో, ఇవన్నీ డివిజన్ 3లో ఫుట్‌బాల్ ఆడే కాలేజీలే. సాన్ ఆంటోనియోలో ట్రినిటీ కూడా. హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న కాలేజీల ఐవీ లీగ్ డివిజన్ 1 అయినా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం. ఈ కాలేజీల్లో మంచి మార్కులున్న ఆటగాడి పేరును కోచ్ అడ్మిషన్ల వాళ్ల దృష్టికి తీసుకెళ్లడం మామూలే. ఎంఐటీ లాంటి చోట అది సీటుకు హామీ కాదు. అయినా ఫుట్‌బాల్ మీ బాబుకు చేయగల పెద్ద మేలు అక్కడే ఉందని నా నమ్మకం.

డివిజన్ 1కు అర్హత కావాలన్నా చదువే ముందు: 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 4కు 2.3 గ్రేడ్ సగటు, ఆ 16లో 10 పన్నెండో గ్రేడ్ మొదలయ్యేలోపే పూర్తి కావాలి. మీ వాడికి మార్కుల బెంగ లేదు. కానీ ఏయే సబ్జెక్టులు లెక్కకొస్తాయో కౌన్సెలర్‌తో ఈ వేసవిలోనే సరిచూసుకోండి.

ఇక నెలకు 600 ఆపొద్దు. కాలేజీ మొదలయ్యేలోపు 26 నెలలు వేస్తే 15,600. ఇప్పుడున్నదానితో కలిపి 77,600. మీ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్‌లో టెక్సాస్ పిల్లలకు ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి ఏడాదికి సుమారు 30 వేలు అనుకుంటే నాలుగేళ్లకు లక్షా 20 వేలు. ఆపకపోయినా 42 వేలు తక్కువ పడుతున్నాయి. ఇంకొకటి: రెండేళ్లలో కావలసిన డబ్బు ఇంకా అంతా షేర్లలోనే ఉందేమో చూడండి. ఉంటే మొదటి రెండేళ్ల ఫీజుకు సరిపడా భాగాన్ని బాండ్లలోకి మార్చండి.

మీవారు అన్నట్టు పూర్తి స్కాలర్‌షిప్పే వచ్చిందనుకోండి, 529 డబ్బు వృథా పోదు. స్కాలర్‌షిప్ ఎంతో అంత మేరకు పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, లాభం మీద పన్ను మాత్రం కట్టాలి. ఖాతా 15 ఏళ్లు నిండితే 35 వేల డాలర్ల దాకా, ఏటా కొంత చొప్పున, బాబు పేరిట రాత్ ఐఆర్ఏ అనే రిటైర్‌మెంట్ ఖాతాకు మార్చవచ్చు. అన్నిటికన్నా తేలిక, పాపను లబ్ధిదారుగా పెట్టడం. ఈ మాట మీవారితో చెప్పి చూడండి. డబ్బు ఇరుక్కుపోతుందన్న భయమే ఆయన్ను తొందరపెడుతున్నట్టుంది.

ఆగస్టులో ప్రాక్టీస్ మొదలయ్యేలోపు హెల్త్ ఇన్సూరెన్స్ తీసి డిడక్టిబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మీరు కట్టాల్సింది) ఎంతో చూడండి. స్కూలు తరఫున పాలసీ ఉన్నా సాధారణంగా అది మీ పాలసీ తర్వాతే వర్తిస్తుంది. మోకాలి ఆపరేషన్ ఒక్కటి చాలు ఆ ఏడాది మీ జేబులోంచి గరిష్ఠంగా కట్టాల్సిన మొత్తమంతా అయిపోవడానికి. అంత మొత్తం విడిగా సేవింగ్స్‌లో ఉంచాకే క్యాంపుల ఫీజు కట్టండి.