అడ్డుకునే అణువు మందుగా మారేదెప్పుడు?

ప్రశ్న: ఫలానా క్యాన్సర్‌కు కారణమైన ఎంజైమును అడ్డుకునే అణువు దొరికిందని పత్రికల్లో తరచూ చదువుతుంటాను. ఏళ్లు గడిచినా ఆ మందు జాడ కనిపించదు. ఎంజైమును ఆపే పదార్థం దొరికాక ఇంకా చేయవలసింది ఏముంటుంది?

జవాబు: నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎంజైము ఒక పెద్ద ప్రొటీన్. రసాయన చర్య జరిగేది దానిలోని ఒక చిన్న గుంటలో. ఆ గుంటలో ఇమిడి, అక్కడికి రావలసిన పదార్థానికి చోటు లేకుండా చేసే చిన్న అణువును నిరోధకం అంటాం. పరీక్షనాళికలో ఉండేది ఒకే ఎంజైము. మన శరీరంలోనో, ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ సమూహాన్ని తగిలించే కైనేజ్‌ల కుటుంబంలోనే 500కు పైగా ఎంజైములున్నాయి, వాటిలో ఆ ఫాస్ఫేట్‌ను అందించే ఏటీపీ అనే అణువు వచ్చి కూర్చునే గుంట ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. కాబట్టి ఒక ఎంజైమును ఆపడం కంటే, మిగిలినవాటి జోలికి పోకుండా దాన్ని మాత్రమే ఆపడం ఎన్నో రెట్లు కష్టం.

దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ కథ చూడండి. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైనప్పుడు పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే కైనేజ్ ఈ జబ్బుకు మూలం. అయితే పరిశోధకులకు మొదట దొరికిన అణువు ప్రొటీన్ కైనేజ్-సి అనే వేరే ఎంజైమును అడ్డుకునేది. దానికి ఒక అమైడ్ భాగం చేర్చాక బీసీఆర్-ఏబీఎల్‌లో కైనేజ్ భాగమైన ఏబీఎల్ వంటివాటి మీద కూడా పనిచేయసాగింది. తర్వాత ఒక వలయం మీద, సరిగ్గా ఎంచుకున్న చోట, ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు మాత్రమే ఉండే మిథైల్ సమూహాన్ని పెట్టగానే ప్రొటీన్ కైనేజ్-సి మీద దాని ప్రభావం పోయింది, కావలసిన గుణం నిలిచింది. నాలుగు పరమాణువులు ఇంత మార్పు తెచ్చాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అప్పటికీ అది నీటిలో సరిగా కరగలేదు; పైపరజీన్ వలయం తగిలించాకే నోటి ద్వారా ఇవ్వడానికి వీలైంది.

రోగులపై పరీక్షలు 1998లో మొదలయ్యాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య మామూలు స్థితికి వచ్చింది. 2001 మే నెలలో అమెరికాలో ఆమోదం లభించింది. అన్ని అణువులకూ ఈ భాగ్యం దక్కదు. కొన్నిటిని కాలేయం క్షణాల్లో విరిచేస్తుంది, కొన్ని గుండె లయను చెడగొడతాయి. మీకు జాడ తెలియకుండా పోయిన మందుల్లో చాలావరకు ఇలాంటి చోట్ల ఆగిపోయినవే.

ఆమోదం వచ్చాక కూడా పని తీరిపోదు. కొందరు రోగుల్లో ఏబీఎల్‌లోని 315వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం చేరుతుంది. అది కాస్త పెద్దది కావడంతో ఇమాటినిబ్‌కు ఆ గుంటలో చోటు చాలదు. ఆ అడ్డును తప్పించుకుని లోపలికి దూరేలా సన్నని త్రిబంధంతో (రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలు) రూపొందించిన పొనాటినిబ్‌కు 2012లో ఆమోదం వచ్చింది. కానీ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం బయటపడడంతో 2013లో అమెరికాలో దాని అమ్మకాలను కొంతకాలం నిలిపి, గట్టి హెచ్చరికలు జోడించిన తర్వాతే మళ్లీ అనుమతించారు.