బ్యాచ్ పుస్తకంలో నా గురించి ఏం రాయను?

ప్రశ్న: మేం డిగ్రీ పూర్తిచేసి ముప్ఫై ఏళ్లు దాటింది. మా బ్యాచ్ వాళ్లు అందరి వివరాలతో చిన్న పుస్తకం వేస్తున్నారు. ఉద్యోగం, హోదా, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఒక ఫ్యామిలీ ఫోటో అడిగారు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే నేను ఉద్యోగం మానేశాను. మా అబ్బాయి పెళ్లయిన కొద్దికాలానికే విడాకులు తీసుకుని మా దగ్గరే ఉంటున్నాడు. మిగతా వాళ్లు రాసినవి చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఊరుకోనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఊరుకోకండమ్మా, రాయండి.

మా బ్యాచ్ పుస్తకం పని నేనే చూశాను. పెద్ద పెద్ద హోదాలవాళ్లు చాలామందే రాశారు. కానీ పుస్తకం అందాక ఎక్కువమంది నన్ను నంబరు అడిగింది ఒక్కాయనదే. ఆయన రాసింది నాలుగు వాక్యాలు: కంపెనీ మూతపడింది. చాన్నాళ్లు పని దొరకలేదు. ఇప్పుడు ఇంట్లో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. నాన్నకు మతిమరుపు జబ్బు, రోజూ స్నానం నేనే చేయిస్తాను. అదే జబ్బుతో ఉన్న తల్లిని చూసుకుంటున్న మా స్నేహితురాలు, స్నానానికి రానని మొండికేస్తే ఏం చేయాలో అడగాలని ఆయనకు ఆ రాత్రే ఫోన్ చేసింది.

1938లో హార్వర్డ్‌లో ఒక పరిశోధన మొదలైంది. 268 మంది విద్యార్థులను తీసుకుని, వాళ్లు ముసలివాళ్లయ్యేదాకా ఉద్యోగం, కాపురం, ఆరోగ్యం గురించి అడుగుతూనే వచ్చారు. తర్వాత బోస్టన్‌లోని పేద కుటుంబాల అబ్బాయిలనూ అందులో కలిపారు. ఎనభై ఏళ్లకు ఎవరు ఆరోగ్యంగా ఉంటారో యాభైల్లోని కొలెస్ట్రాల్ కన్నా, ఆ వయసులో తమవాళ్లతో ఎంత తృప్తిగా ఉన్నారన్నదే బాగా పట్టిచ్చిందని దాన్ని నడిపిన డాక్టర్ రాబర్ట్ వాల్డింగర్ చెప్పారు. మీ బ్యాచ్ అంతా ఇప్పుడు ఆ వయసులోనే ఉంది. మీకిచ్చిన ఫారంలో హోదాకు గడి ఉంది, దీనికి లేదు. ఆ లోటు మీరు పూడ్చండి.

‘గృహిణి’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఏ పని చేసేవారు, ఎప్పుడు మానేశారు, ఆ తర్వాత మీ చేతుల మీదుగా ఏమేం జరిగాయి, ఇప్పుడు రోజంతా ఏం చేస్తుంటారు? సంజాయిషీలా కాకుండా, ఉన్నదున్నట్టు రాయండి.

మీ అబ్బాయి విడాకుల సంగతి మాత్రం అతనిది. అడగండి. వద్దంటే ‘అబ్బాయి మాతోనే ఉంటున్నాడు’ అని రాయండి, చాలు. అందులో అబద్ధమేమీ లేదు. ఎవరైనా తరచి అడిగితే ‘వాడు బాగున్నాడు’ అని మాట మార్చే హక్కు మీకుంది. పెళ్లినాటి ఫోటో పంపకండి. ఆ అమ్మాయి ముఖం ఆమెను అడగకుండా అచ్చువేయడం న్యాయం కాదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లంతా కలిసి కొత్తది తీసుకోండి.

పుస్తకం వేస్తున్నవాళ్లకూ ఒక మాట చెప్పండి. హోదా గడి తీసేసి ‘ఏ విషయంలో మిమ్మల్ని సలహా అడగొచ్చు?’ అని పెట్టమనండి. జవాబులు ఎంత మారిపోతాయో చూస్తారు. చనిపోయినవాళ్ల పేర్లు ఇంటివాళ్లతో మాట్లాడాకే వేయాలి. మాకొచ్చిన జాబితాలో ఒక పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తింది ఆ మనిషే. నా చేతులు వణికాయి.

మీ నంబరు అచ్చువేయొచ్చో లేదో కూడా కాగితం మీదే స్పష్టంగా రాసి ఇవ్వండి.