శాన్ ఆంటోనియోలో నదొడ్డు హోటల్ బుక్ చేసే ముందు

చిరంజీవి శ్రీకాంత్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకుని టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో వెళ్తున్నామని, రివర్ వాక్ (నది వెంట నడకదారి) దగ్గర ఏదైనా పాతకాలం హోటల్లో మూడు రాత్రులుందామని రాశావు. వెళ్లండి, బావుంటుంది. కానీ ఫొటో చూసి బుక్ చేసెయ్యకు. కొత్త హోటల్లో ఒక గది చూస్తే అన్నీ చూసినట్టే. పాత కట్టడాల్లో ఒకే వరండాలో పక్కపక్క గదులకే పొంతన ఉండదు. అందుకని ముందు గది సంగతి తేల్చుకో, హోటల్ పేరు తర్వాత.

ఆ డౌన్‌టౌన్ రెండు మట్టాల్లో ఉంటుంది. రోడ్లు, కార్లు, అలమో అనే పాత కోట పైన. నది, దాని పక్క నడకదారి సుమారు ఒక అంతస్తు కింద. కిందికి దిగాలంటే ఎక్కువ చోట్ల మెట్లే గతి, లిఫ్టులూ ర్యాంపులూ కొన్నిచోట్లే ఉన్నాయి. మీ అమ్మ మోకాళ్లకీ చిన్నదాని స్ట్రోలర్‌కీ అసలు ఇబ్బంది ఇక్కడే. హోటల్ వాళ్లని నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీ లిఫ్ట్ నది మట్టం దాకా దిగుతుందా?" అని. రెండోది, నది వైపు తలుపు రాత్రి ఎన్నింటికి మూస్తారు, ఆ తర్వాత గది కార్డుతో తెరుచుకుంటుందా అని.

"హిస్టారిక్" అని రాసుకున్నవన్నీ ఒక్కలాంటివి కావు. మెంగర్ 1859 నుంచీ హోటలే. 1898లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ తన రఫ్ రైడర్స్ దళంలోకి మనుషుల్ని చేర్చుకున్నది అక్కడి బార్‌లోనే అంటారు. అలమో పక్కనే ఉంది కానీ నది మీద లేదు, కాస్త నడవాలి. లా మాన్సియోన్ డెల్ రియో అచ్చంగా నదొడ్డుదే. 1852లో మొదలైన బడి కట్టడం అది, 1968లో హెమిస్‌ఫేర్ అనే ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు హోటలైంది. డ్రూరీ ప్లాజా 1929 నాటి బ్యాంకు భవనం. పొద్దుటి టిఫిన్ గది అద్దెలోనే కలిసి వస్తుంది, ఆరుగురు తినేవాళ్లున్నప్పుడు అది చిన్న లెక్క కాదు. పాలాసియో డెల్ రియో గదుల్ని 1968లో వేరేచోట కాంక్రీటుతో పోతపోసి, క్రేన్‌తో ఎత్తి ఒకదాని మీద ఒకటి పేర్చారు. గదులు ఒకే కొలతలో ఉండాలనుకుంటే అది నయం, పాతకాలం కళ కావాలంటే కాదు. మీ ఆరుగురికీ నా ఓటు డ్రూరీకే. మీరిద్దరే వెళ్తుంటే లా మాన్సియోన్ అనేదాన్ని.

ఇక గది. పాత హోటళ్లలో "రెండు మంచాలు" అంటే చాలాసార్లు రెండు డబుల్స్. డబుల్ వెడల్పు 54 అంగుళాలు, క్వీన్ 60. ఆ ఆరంగుళాలు ఎంతో రెండో రాత్రికి మీ నాన్నకి తెలుస్తుంది. రెండు మంచాలున్న గదిలో అదనపు మడత మంచం వెయ్యనివ్వని హోటళ్లు చాలా ఉన్నాయి. అగ్నిప్రమాదం జరిగితే దారికి అడ్డమని. మీకు రెండు గదులు తప్పవు. అడిగేటప్పుడు "కనెక్టింగ్" అనే అడుగు, అంటే మధ్యలో తలుపు ఉన్నవి. "అడ్జాయినింగ్" అంటే పక్కపక్కన అంతే. పాత భవనాల్లో మధ్య తలుపున్న జతలు తక్కువ, అందుకే బుకింగ్‌లో ఆ మాట రాయించుకోవాలి. వేరే సైట్ల ద్వారా బుక్ చేస్తే ఇవన్నీ "వీలైతే ఇస్తాం" అనే కోరికలుగానే మిగిలిపోతాయి. హోటల్‌తోనే నేరుగా బుక్ చెయ్యి. వెళ్లడానికి రెండు మూడు రోజుల ముందు ఫోన్ చెయ్యి, అదీ ఆ హోటల్ ఫ్రంట్ డెస్క్‌కి. కంపెనీ కాల్ సెంటర్ వాళ్లకి ఏ గది ఎలా ఉంటుందో తెలియదు.

అమ్మానాన్నల గదికి ఇంకో షరతు పెట్టు. బాత్‌టబ్ కాకుండా నేల మట్టానికి దగ్గరగా ఉన్న షవర్, గోడకి పట్టుకునే కమ్మీ. పాత టబ్బుల అంచు ఎత్తుగా ఉంటుంది, తడికాలితో దాటేటప్పుడే పెద్దవాళ్లు జారుతారు.

నది కనిపించే గది అందరికీ కావాలి, నిద్ర కూడా కావాలి. కింద బార్లున్నాయి. టెక్సస్‌లో ఆలస్యంగా అమ్మే లైసెన్సున్నవి రాత్రి రెండింటిదాకా నడుస్తాయి. రెండు వైపులా కట్టడాల మధ్య నది గుంటలో ఉంటుంది కనుక చప్పుడు నేరుగా పైకే వస్తుంది. పెద్దవాళ్లని లోపలి పెరటి వైపో, పై అంతస్తులోనో పెట్టి, నది వైపు గది మీరు తీసుకోండి. రెండు గదులూ కలిసే ఉండాలనుకుంటే మాత్రం ఈ ఆశ వదులుకోవాలి, రెండూ ఒకే వైపు వస్తాయి. "పార్షియల్ రివర్ వ్యూ"కి అదనంగా డబ్బు కట్టకు, కిటికీలోంచి మెడ చాపితే తప్ప నీళ్లు కనిపించకపోవచ్చు. బాల్కనీ ఉంటే గదిలో అడుగుపెట్టగానే, పిల్లలు ఎక్కకుండా కుర్చీలు లోపలికి తెచ్చెయ్యి. తలుపు గడియ పిల్లాడికి అందుతోందేమో చూడు.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది ఇది. నడకదారికి నది వైపు చాలా దూరం రెయిలింగ్ ఉండదు. దారి సన్నం, సాయంత్రం ఎదురొచ్చే జనం అంచుకి నెట్టేస్తారు. నీళ్లు లోతు తక్కువే, కానీ మూడేళ్ల పిల్లకి అది చాలా ఎక్కువ. పిల్లలు ఎప్పుడూ గోడ వైపు, పెద్దవాళ్లు నీటి వైపు. స్ట్రోలర్ ఆగినప్పుడల్లా బ్రేక్ వెయ్యాలి, బెల్టు తియ్యకూడదు.

వాన పడితే నది పొంగదా అని మీ నాన్న తప్పకుండా అడుగుతారు. 1921లో వరద ఊరి నడిబొడ్డుని ముంచింది. నదిని ఇలా తీర్చిదిద్దాలని రాబర్ట్ హగ్మన్ అనే ఆర్కిటెక్ట్ 1929లో ప్రతిపాదించాడు, 1939, 41 మధ్య కట్టారు. 1997 నుంచి డౌన్‌టౌన్ కింద సుమారు మూడు మైళ్ల సొరంగం వరదనీటిని పక్కకి తీసుకెళ్తోంది. ధైర్యంగా ఉండమను.

కారు హోటల్‌కి చేరాక మళ్లీ ముట్టుకోవద్దు. డౌన్‌టౌన్ పాత హోటళ్లకి చాలావరకు వాలే పార్కింగే, అంటే హోటల్ మనిషే కారు తీసుకెళ్లి పెడతాడు, రాత్రికింత అని వేస్తారు. కారు పైన సామాన్ల పెట్టె ఉంటే దాంతో కలిపి ఎత్తు ముందే చెప్పు, పాత గరాజుల కప్పు తక్కువ. అద్దె మీద రాష్ట్రం, కౌంటీ, ఊరు కలిసి వేసే హోటల్ పన్ను సుమారు 17 శాతం, దానిపైన హోటల్ సొంత ఫీజులు వేరే. చివరి మొత్తం చూశాకే రెండు హోటళ్లని పోల్చు.

రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి పట్టుకెళ్లకు. గదుల్లో వంట ఒప్పుకోరు, పాత వైరింగ్‌లో బ్రేకర్ పడిపోతుంది, పొగ అలారం మోగితే అంతస్తు మొత్తం మెట్లు దిగాలి. గదిలోకి మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ముందే అడిగి పెట్టించుకుంటే పెరుగన్నానికి అవి చాలు.

ఏప్రిల్‌లో ఫియెస్టా అనే ఊరి పండుగ, థాంక్స్‌గివింగ్ మర్నాటి నుంచి నది వెంట దీపాలు. రెండూ చూడదగ్గవే, కానీ పెద్దవాళ్లతో ఆ జనంలో కష్టం. ఫిబ్రవరి చివర, నవంబరు మొదట్లో హాయిగా ఉంటుంది. అలమో చర్చి లోపలికి టికెట్ ఉచితమే అయినా సమయం ముందే తీసుకోవాలి. పడవ షికారు ముప్పై అయిదు నిమిషాలు, పొద్దున్నే అయితే వరస చిన్నది. శాన్ ఫెర్నాండో చర్చి గోడ మీద రాత్రి వేసే వెలుగుల ప్రదర్శనకి డబ్బులక్కర్లేదు, అన్ని రాత్రులూ ఉండదు కనుక రోజులు చూసుకుని వెళ్లండి. అలమోతో పాటు 2015లో యునెస్కో జాబితాకెక్కిన మిగతా మిషన్లు (స్పానిష్ పాదరీల కాలంనాటి చర్చి ఆవరణలు) దక్షిణంగా దూరం. వాటిని చివరి రోజుకి ఉంచు, ఎలాగూ ఆ రోజు కారు బయటికి తీస్తావు.

చెక్-ఇన్‌లో డెబిట్ కార్డు ఇవ్వకు. అదనపు ఖర్చులకని కొంత డబ్బు పట్టి ఉంచుతారు, అది ఖాతాలోకి తిరిగి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డే ఇవ్వు. బయల్దేరే ముందు బిల్లు కాగితం మీద అడిగి, పార్కింగ్ రాత్రులు లెక్క సరిపోయాయో లేదో అక్కడే చూసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ