ఈత పోటీల్లో మా 12 ఏళ్ల అమ్మాయి టైమింగ్ మెరుగుపడటం లేదు, నేనేం చేయాలి?

ముందు ఏ పూల్‌లో ఈదిందో చూడండి. 100 మీటర్ల రేసుకి 25 మీటర్ల పూల్‌లో మూడు టర్న్‌లు (గోడ దగ్గర వెనక్కి తిరగడం), 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే. గోడను తన్నినప్పుడల్లా వేగం వస్తుంది కాబట్టి చిన్న పూల్‌లో టైమ్ తక్కువే పడుతుంది. ఆ రెండూ పోల్చుకుని టెన్షన్ పడే తల్లిదండ్రులు బోలెడుమంది.

పైగా ఈ వయసులో గబుక్కున పొడవు పెరిగితే కొన్నాళ్లు స్ట్రోక్ (ఈతలో చేతులు, కాళ్లు ఆడించే తీరు) లయ తప్పడం మామూలే. అది కోచ్ చూసుకుంటారు. మీ వంతు నిద్ర, తిండి.

రేసు అయ్యాక తడి జుట్టుతో వచ్చిన పిల్లను "ఎంత వచ్చింది?" అనకండి. టవల్ అందించి, తినడానికేదైనా చేతిలో పెట్టండి, తనే చెబుతుంది. భుజం నొప్పంటే మాత్రం ఓర్చుకోమనకండి. వెంటనే కోచ్‌కి చెప్పండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి.