పాప పేరు మీద వచ్చే రిఫండును ముందే ఖర్చు పెట్టేశారు

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. నాది హెచ్-1బీ ఉద్యోగ వీసా, ఏడాదికి 1,30,000 డాలర్ల జీతం. నా భార్యది నా మీద ఆధారపడిన హెచ్-4 వీసా, ఉద్యోగం లేదు. 2025 డిసెంబర్ 29న పాప పుట్టింది. ఆ ఏడాదిలో మూడు రోజులే ఉంది కదా, 2025 పన్ను రిటర్న్‌లో డిపెండెంట్‌గా, అంటే నా మీద ఆధారపడిన మనిషిగా చూపించొచ్చా? సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇంకా రాలేదు. ఆసుపత్రి బిల్లు, అమ్మానాన్నల టికెట్లు, బారసాల కలిపి కార్డు మీద 9,000 డాలర్లయింది, వడ్డీ 24 శాతం. పన్ను రిఫండ్ రాగానే కట్టేస్తాను. చాలకపోతే 401కే (ఆఫీసు రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీసుకుంటాను. నెల ఖర్చు 5,000, సేవింగ్స్‌లో 1,800 ఉన్నాయి.

జవాబు: చూపించొచ్చు. డిసెంబర్ 31 రాత్రి పుట్టినా ఆ ఏడాదంతా మీతో ఉన్నట్టే లెక్క. 2025కి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, అంటే బిడ్డ ఉన్నందుకు మీ పన్నులో తగ్గే మొత్తం, 2,200 డాలర్లు. మీ భార్యకు ఐటిన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్లకు ఇచ్చే పన్ను నంబర్) మాత్రమే ఉన్నా ఫర్వాలేదు, ఇద్దరూ కలిసి వేసే జాయింట్ రిటర్న్‌లో మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ చాలు. పాపకు మాత్రం సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండి తీరాలి. అది రిటర్న్ గడువులోగా జారీ కాకపోతే, తర్వాత సవరించి వేసినా ఆ ఏడాది క్రెడిట్ రాదు. కాబట్టి ఏప్రిల్ 15 దగ్గర పడుతున్నా నంబర్ చేతికి రాకపోతే ఫారం 4868 వేసి అక్టోబర్ 15 వరకూ గడువు తీసుకోండి. తొందరపడి పాప లేకుండా ఫైల్ చేయకండి.

మీ పన్ను ప్రశ్నకు జవాబు ఇంతే. నేను ఈ ఉత్తరం ఎంచుకున్నది మిగతా సగం కోసం. బిడ్డ పుట్టిన ఇళ్లలో ఈ పొరపాటు మళ్లీ మళ్లీ చూస్తున్నాను. పాప వల్ల స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా అందరికీ తీసేసే మొత్తం) పెరగదు, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్నూ లేదు. అంటే మీకు కొత్తగా కలిసొచ్చేది ఆ 2,200 మాత్రమే. 9,000 మీద 24 శాతం అంటే ఏడాదికి 2,160 వడ్డీ. పాప వల్ల పన్నులో కలిసొచ్చేది దాదాపు అంతా కార్డు కంపెనీకి వడ్డీ కింద పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంకా చేతికి రాని డబ్బును నమ్ముకుని అంత వడ్డీకి బారసాల చేయడం తప్పు. మెత్తగా చెప్పలేను.

401కే లోన్ ఆలోచన ఇంకా ప్రమాదం. ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది రిటర్న్ గడువులోగా సర్దాలి. లేకపోతే అది ఆదాయమై పన్ను పడుతుంది, మీ వయసుకు 10 శాతం పెనాల్టీ కూడా. ఉద్యోగం పోయిన నెలలోనే ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?

మీ 1,800 డాలర్లు పదకొండు రోజుల ఖర్చు. హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చేది 60 రోజుల దాకా. ఆ రెండు నెలల్లో అద్దె కట్టాలి, పాప పాల డబ్బా కొనాలి, కొత్త స్పాన్సర్‌ని వెతకాలి, దొరక్కపోతే ముగ్గురికీ టికెట్లు కొనాలి, అద్దె ఒప్పందం మధ్యలో తెంచుకోవాలి. జీతం ఒక్కటే ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 30,000 డాలర్లు పక్కన ఉండాలి. ఇప్పుడు అది కొండంత అనిపిస్తుందని తెలుసు. అందుకే మొదటి మెట్టు 5,000 అనుకోండి.

రిఫండ్ ఎంత వచ్చినా, సేవింగ్స్ 5,000కి చేరడానికి ఎంత కావాలో అంత ముందు అందులో వేయండి. మిగతాదంతా కార్డుకి కట్టండి. వడ్డీ లెక్కన చూస్తే మొత్తం కార్డుకే కట్టడం లాభం అనేవాళ్లున్నారు. కానీ చేతిలో ఏమీ లేకపోతే కారు రిపేరు రాగానే మళ్లీ అదే కార్డు గీస్తారు. ఆ కార్డును మాత్రం ఇవాళే పర్సులోంచి తీసేయండి. పిల్లల చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతా, పాప పేరున ప్రభుత్వం వెయ్యి డాలర్లు వేసే ట్రంప్ ఖాతా మంచివే. రెండోదానికి ఫారం 4547 వేయండి చాలు, మీ జేబులోంచి ఏమీ వేయకండి.

పాపను 30 రోజుల్లోపు ఆఫీసు ఇన్సూరెన్స్‌లో చేర్చారో లేదో మీరు రాయలేదు. ఆ గడువు జనవరి 28తోనే అయిపోయి ఉంటుంది. ఇవాళే హెచ్‌ఆర్‌ని అడగండి. అదే ఫోన్‌లో డబ్ల్యూ-4లో (జీతంలోంచి ఎంత పన్ను పట్టుకోవాలో చెప్పే ఫారం) పాపను చేర్చమనండి. వచ్చే ఏడాది రిఫండ్ తగ్గుతుంది కానీ నెలకు సుమారు 183 డాలర్లు జీతంలోనే చేతికొస్తాయి. అవి జీతం పడిన రోజే సేవింగ్స్‌కి వెళ్లేలా బ్యాంకులో పెట్టేయండి.