చంకల చెమటకి మందు రాస్తే మంటే మిగిలిందా?

20 శాతం అల్యూమినియం క్లోరైడ్ వారం రాశాను, మంట తప్ప చెమట తగ్గలేదు, బొటాక్స్ ఇంజెక్షన్లకి వెళ్లిపోనా అని అడిగారు. ఆగండి. పొద్దున స్నానం కాగానే రాస్తున్నానన్నారు కదా, తేడా కొట్టింది అక్కడే.

ఈ మందు ముఖ్యంగా పనిచేసేది చెమట గ్రంథి మీద కాదు. చెమట బయటికొచ్చే సన్నటి నాళంలో గడ్డకట్టి బిరడాలా కూర్చుంటుంది. పగలు చెమట కారుతుంటే ఆ బిరడా కుదురుకోకముందే కొట్టుకుపోతుంది. నిద్రలో చంకల గ్రంథులు నెమ్మదిస్తాయి, అందుకే రాత్రి రాయమనేది. ఇక మంట సంగతి. అల్యూమినియం క్లోరైడ్‌కి తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. తువ్వాలుతో ఎంత తుడిచినా చంక మడతల్లో చెమ్మ మిగిలే ఉంటుంది.

రాయబోయే ముందు చంకలు కడగొద్దు. జిగటగా ఉంటే పొడిగుడ్డతో అద్ది, హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి రెండు నిమిషాలు పట్టండి. అది లేకపోతే ఫ్యాన్ కింద చేతులెత్తి కూర్చోవడమే. పలచగా ఒక్క పూత చాలు. మందంగా రాస్తే పెరిగేది మంటే. పూర్తిగా ఆరాకే బట్టలు వేసుకుని పడుకోండి, లేచాక కడిగేయండి. పగలు డియోడరెంట్ వాడుకోవచ్చు గానీ అది వాసనకే, చెమటకి కాదు. షేవింగ్ చేశాక రెండు రోజులు ఈ మందు జోలికి పోవద్దు. చర్మం ఎర్రబడితే ఒకట్రెండు రాత్రులు మానేసి, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీమ్ కొద్దిరోజులు రాస్తే సర్దుకుంటుంది.

చెమట తగ్గేదాకా రోజూ రాత్రి, తర్వాత వారానికి ఒకట్రెండుసార్లు. చాలామంది తగ్గింది కదా అని పూర్తిగా మానేస్తారు. చర్మం పై పొర రాలుతూ ఉంటుంది, దాంతోపాటే బిరడాలూ పోతాయి. మళ్లీ మొదటికే.

ఇలా సరిగ్గా నాలుగు వారాలు వాడినా చొక్కా తడుస్తుంటే అప్పుడు బొటాక్స్. మామూలుగా ఒక్కో చంకకి 50 యూనిట్లు, పది పదిహేను చోట్ల చర్మం లోపలే చిన్న చిన్న సూదులు. ముందు అయోడిన్ పూసి పైన గంజిపొడి చల్లితే చెమట పట్టేచోట నల్లబడుతుంది, ఆ మచ్చని బట్టే గుర్తులు పెడతారు. నాలుగు నుంచి తొమ్మిది నెలలు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాల్సిందే. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ మాత్రలూ ఉన్నాయి. నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. కంట్లో నీటికాసులు (గ్లకోమా), మూత్రం బిగిసే ఇబ్బంది ఉంటే డాక్టరుకి ముందే చెప్పాలి. ఛాతీలో నరం కత్తిరించే ఆపరేషన్ మాత్రం ఒక్క చంకల కోసం వద్దనే అంటాను, అక్కడ ఆగిన చెమట వీపునా తొడలనా మొదలయ్యే అవకాశం బాగా ఉంది.

ఒక్కటి చెప్పలేదు మీరు: ఇది చిన్నప్పట్నుంచా, ఈమధ్యేనా? కొత్తగా మొదలై, ఒళ్లంతా పడుతూ, రాత్రి నిద్రలో పక్క తడుస్తుంటే, లేదా బరువు తగ్గుతుంటే చంకల మందు పక్కనపెట్టి థైరాయిడ్, షుగర్ పరీక్షలతో మొదలుపెట్టమని డాక్టర్ని అడగండి. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మాత్రలతోనూ చెమట పెరుగుతుంది, వాడుతుంటే ఆ చీటీ కూడా చూపించండి.